"సెటిల్ అయ్యాక" అనుకునేవాళ్ళు లక్ష్యాలు పెట్టుకోవడం ఎలా?

బెంగళూరులో ఉండే తెలుగువాళ్ళని "ఇక్కడికొచ్చి ఎన్నాళ్ళయింది?" అని అడిగి చూడండి. ఏడేళ్ళంటారు, పన్నెండేళ్ళంటారు. వాళ్ళ ఇంటికెళ్తే హాల్లో ఓ మూల ఇంకా విప్పని అట్టపెట్టె కనబడుతుంది. మంచి మంచం కొనరు, ఎలాగూ ఇల్లు మారతాం కదా అని. పన్ను నొప్పి పెడుతున్నా డాక్టర్ దగ్గరికి వెళ్ళరు, ఊరెళ్ళినప్పుడు చూపించుకుందాం అని. నడక, పాట, పుస్తకం, స్నేహితులు, అన్నీ "కాస్త సెటిల్ అయ్యాక" అనే ఖాతాలో జమ.

నేనూ ఆ బాపతే. మాది ప్రొద్దుటూరు. 2012లో మారతహళ్ళిలో ఒక పీజీలో దిగాను. టెస్టింగ్ ఉద్యోగం, పెళ్ళి, పాప, రెండు కంపెనీలు, నాలుగు అద్దె ఇళ్ళు అయ్యాయి. సెటిల్ అవడమే ఇంకా కాలేదు. మధ్యలో ఒక జనవరి 1న పద్నాలుగు తీర్మానాలు రాసుకున్నాను. సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేసరికి ఆ కాగితం ఏ బ్యాగులో పెట్టానో మర్చిపోయాను. ఆ పద్నాలుగులో ఒకటైన జిమ్‌కి ఏడాది ఫీజు 14,000 ముందే కట్టి, పదకొండు రోజులు వెళ్ళాను. రోజుకి 1,270 రూపాయల పైనే పడింది. అంత ఖరీదైన చెమట నా జన్మలో కార్చలేదు.

తర్వాత మెల్లగా ఒక పద్ధతి కుదిరింది. అది ఇక్కడ వరసగా చెబుతాను. మీకు కావలసినవి: మీ ఫోన్, రెండు తెల్ల కాగితాలు, గోడకి ఒక క్యాలెండర్. కొత్త యాప్ ఏదీ వేసుకోకండి. ఏ యాప్ మంచిదని వెతకడంలోనే ఒక ఆదివారం పోతుంది, అనుభవం మీద చెబుతున్నాను.

ముందు ఒక వారం లెక్క తీయండి

లక్ష్యాలు రాయడానికి ముందు, ఇప్పుడున్న వారం ఎలా పోతోందో చూడాలి. వారానికి 168 గంటలు. గుర్తున్నదాన్ని బట్టి రాయకండి, మనకి మనం అబద్ధాలు చెప్పుకుంటాం. సాక్ష్యం అంతా ఫోన్‌లోనే ఉంది. స్క్రీన్ టైమ్ తెరవండి. కాల్ లిస్ట్ తెరిచి, అమ్మతో నాన్నతో ఎన్ని నిమిషాలు మాట్లాడారో చూడండి. యూపీఐ చిట్టా కిందికి జరుపుతూ పోండి. రాత్రి పదిన్నరకి తెప్పించుకున్న బిర్యానీలు, రెండు కిలోమీటర్లకి ఎక్కిన ఆటోలు, ఒక్కసారే చూసిన ఓటీటీ చందా, అన్నీ తారీఖులతో సహా దొరుకుతాయి.

నా వారం ఇలా తేలింది. నిద్ర 44 గంటలు. ఆఫీసు, రాత్రిపూట అమెరికా కాల్స్‌తో కలిపి, 53. రాకపోకలు 9. వంట, ఇంటిపని 19. స్నానం, తిండి 9. పాపతో 6. ఫోన్ 20. మొత్తం 160. మిగతా ఎనిమిది గంటలు ఎక్కడ పోయాయో ఇప్పటికీ తెలియదు.

ఫోన్ ఇరవై గంటలు, పాపతో ఆరు గంటలు. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసుకున్నాక మా ఆయనకి కూడా ఆ కాగితం చూపించలేదు, మడిచి పర్సులో పెట్టుకున్నాను.

ఇక్కడ మెట్రో సంగతి చెప్పాలి. మా ఇల్లు కుందలహళ్ళి దగ్గర, ఆఫీసు ట్రినిటీ సర్కిల్ దగ్గర. క్యాబ్‌లో కేఆర్ పురం, టిన్ ఫ్యాక్టరీ దాటుకుని వెళ్ళేసరికి గంటా ఇరవై నిమిషాలు. 2023 అక్టోబర్ 9న పర్పుల్ లైన్‌లో కేఆర్ పురం, బైయప్పనహళ్ళి మధ్య ముక్క కలిసింది. వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా రైలు నేరుగా నడవడం మొదలైంది. రైల్లో అరగంట, అటూ ఇటూ నడకా ఆటో కలిపినా యాభై నిమిషాల లోపే. రోజుకి గంట మిగిలింది. ఇంక వ్యాయామం చేస్తా, పుస్తకాలు చదువుతా అని ఊళ్ళో అందరికీ చెప్పాను. మూడు నెలల తర్వాత చూస్తే స్క్రీన్ టైమ్ రోజుకి యాభై నిమిషాలు పెరిగి ఉంది. మిగిలిన గంటని మిగిలినట్టే ఫోన్ పట్టుకుపోయింది. అందుకే "టైమ్ దొరికితే చేస్తాను" అనే మాట నేను నమ్మడం మానేశాను. దొరికిన టైమ్‌కి ముందుగానే ఒక పని పేరు రాసి పెట్టకపోతే అది మనకి దొరకదు.

కోరిక పక్కన ఒక ముఖం రాయండి

రెండో కాగితం తీసుకోండి. మీకేమేం కావాలో తోచినట్టు రాసుకుంటూ పోండి. పదిహేనో ఇరవయ్యో వస్తాయి. రాశాక, ఒక్కొక్కటీ చదువుతుంటే ఎవరి ముఖం గుర్తొస్తుందో ఆ పేరు పక్కన రాయండి.

నా కాగితంలో "సర్జాపుర వైపు టూ బెడ్‌రూమ్ ఫ్లాట్" పక్కన మా పెద్దమ్మ కొడుకు వచ్చాడు. వాడు హైదరాబాద్‌లో కొన్నప్పటి నుంచి మా ఇంట్లో ప్రతి ఫోన్ కాల్‌లో ఆ ఫ్లాట్ గురించి ఒక ముక్క ఉంటుంది. "క్లౌడ్ సర్టిఫికేషన్" పక్కన మా మేనేజర్. "షుగర్ రాకుండా చూసుకోవాలి" పక్కన మా నాన్న. ఆయనకి నలభై ఆరేళ్ళకే వచ్చింది, నాకు ముప్పై ఎనిమిది. "కన్నడ చదవడం నేర్చుకోవాలి" అన్నదాని పక్కన ఎవరూ రాలేదు. అది పూర్తిగా నాదే.

ఇప్పుడు ఒక్కొక్కదాన్నీ ఈ ప్రశ్న అడగండి: ఇది జరిగినట్టు మా ఊళ్ళో ఎవరికీ తెలియకపోయినా నాకు కావాలా? ఫ్లాట్ విషయంలో నా జవాబు విని నాకే నవ్వొచ్చింది. గృహప్రవేశానికి పెద్దమ్మని పిలవకుండా, వాట్సాప్‌లో ఫోటో పెట్టకుండా ఆ ఫ్లాట్ నాకు వద్దు! షుగర్ సంగతి మాత్రం ఎవరికీ తెలియకపోయినా కావాలి.

ఇంకొకరి కోరిక తీర్చడం తప్పని నా ఉద్దేశం కాదు. అమ్మానాన్నల కోసం, పిల్లల కోసం చేసేవి ఎన్నో ఉంటాయి, అవి కూడా మన జీవితమే. ఎవరి కోసం చేస్తున్నామో తెలిసి చేస్తే, అలసిపోయిన రోజున ఎవరి మీదా విసుక్కోం. ఇరవై ఏళ్ళు ఈఎంఐ కట్టబోయే ముందైనా ఒకసారి ఆ ముఖం చూసుకోవడం మంచిది.

విస్తరిలో అన్నీ సమానంగా వడ్డించరు

బ్యాలెన్స్ అనగానే చాలామంది ఉద్యోగానికింత, ఇంటికింత, ఒంటికింత అని సరిసమానంగా పంచబోతారు. వారంలో 53 గంటలు ఆఫీసే తినేస్తుంటే ఆ పంపకం మంగళవారానికే కూలిపోతుంది. భోజనం విస్తరి గుర్తు తెచ్చుకోండి. అన్నం కుప్పగా పెడతారు, పప్పు గరిటెడు, గోంగూర పచ్చడి ఒక మూల చిటికెడు. పచ్చడి అన్నమంత వడ్డించమని ఎవరూ అడగరు, కానీ ఆ మూల ఖాళీగా ఉంటే మాత్రం అందరి చూపూ అక్కడికే పోతుంది. మీ వారంలో ఏ మూల ఖాళీగా ఉందో చూడండి, చాలు.

ధర్మార్థకామమోక్షాలని మనవాళ్ళు ఎప్పుడో నాలుగు గదులు కట్టి పెట్టారు. అర్థం ఒక్కటి ఉంటే సరిపోతుందని అందులో ఎక్కడా లేదు. నాకు మోక్షం దాకా ఓపిక లేదు కాబట్టి నా గదులు ఇవి: ఒళ్ళు, ఇల్లు, డబ్బు, సరదా. మీవి వేరే ఉండొచ్చు.

రాసుకున్న ఇరవైలోంచి మూడే ఎంచుకోండి. మూడూ వేర్వేరు గదుల్లోవి కావాలి. గడువు మూడు నెలలు. మిగతావన్నీ కాగితం వెనక్కి తిప్పి "తర్వాత" అని రాసి అక్కడ పడేయండి. ఇది కష్టంగా ఉంటుంది. మా ఆఫీసులో ఒకబ్బాయి మారథాన్, గిటారు, ఎంబీఏ, కీటో డైట్ అన్నీ ఒకే ఉగాదికి మొదలుపెట్టి, శ్రీరామనవమికి అన్నీ ఆపేశాడు. రెండు పండగలకీ మధ్య ఎనిమిది రోజులే.

ఉద్యోగం గురించి నాకో మొండి అభిప్రాయం ఉంది. ఇప్పటికే వారంలో పెద్ద ముక్క తీసుకుంటున్నదానికి ఇంకో లక్ష్యం ఇవ్వకండి, ఒక హద్దు ఇవ్వండి. బుధవారం రాత్రి తొమ్మిది దాటాక కాల్ తీసుకోనని నేను టీమ్‌కి చెప్పాను. మొదట్లో భయపడ్డాను. రెండు వారాలు పోయాక అమెరికావాళ్ళే మీటింగ్ గురువారానికి జరిపారు.

"అవ్వాలి" తీసేసి "చేస్తాను" రాయండి

అన్నిటికంటే ఎక్కువ ఓపిక ఇక్కడ పెట్టండి. "బరువు తగ్గాలి", "పొదుపు చేయాలి", "ఇంట్లోవాళ్ళతో గడపాలి", ఇలా రాసుకున్నవి కోరికలుగానే మిగిలిపోతాయి. ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ, ఏం చేస్తారో రాస్తే అప్పుడది పని అవుతుంది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1990ల నుంచి ఈ విషయం మీదే పరిశోధన చేశారు. ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తానని ముందే అనుకున్నవాళ్ళు, ఊరికే గట్టిగా సంకల్పించుకున్నవాళ్ళ కంటే ఎక్కువగా పని పూర్తి చేస్తారని ఆయన ప్రయోగాల్లో తేలింది.

నా షుగర్ సంగతే తీసుకోండి. ఆఫీసు హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ (రక్తంలో చక్కెర సగటు చూపే పరీక్ష) 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు, 6.5 గానీ ఆపైన గానీ ఉంటే షుగర్ వచ్చినట్టే. డాక్టర్ "నడవండమ్మా" అన్నారు. అందరు డాక్టర్లూ అనేదే. ఎప్పుడు నడవాలి? పొద్దున ఆరింటికి పాప టిఫిన్ బాక్స్. రాత్రి ఎనిమిదిన్నర నుంచి కాల్స్. వారం లెక్క కాగితం ముందేసుకుని వెతికితే ఒక్క సందు కనబడింది. మెట్రో స్టేషన్ నుంచి ఇంటికి ఇరవై నిమిషాల నడక దూరం, నేను ఆటో ఎక్కుతున్నాను. ఆఫీసుకి వారానికి నాలుగు రోజులు. పోయేటప్పుడు ఇరవై, వచ్చేటప్పుడు ఇరవై, నాలుగు రోజులకి 160 నిమిషాలు. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే కొత్తగా టైమ్ పెద్దగా అక్కర్లేకుండానే నా లెక్క సరిపోయింది. వేగం ఎంతుండాలో తెలుసుకోవడానికి ఒక సులువు: పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

కాగితం మీద ఇలా రాశాను: "కుందలహళ్ళి స్టేషన్ మెట్లు దిగగానే ఆటోల వైపు చూడకుండా ఎడమకి తిరుగుతాను." ఆటోల వైపు చూడకుండా అన్న ముక్క కావాలనే రాశాను. చూస్తే ఎక్కేస్తాను.

దాని కిందే ఇంకో వరస రాయండి: పని చెడగొట్టేది ఏమిటి, అప్పుడేం చేస్తారు? నా విషయంలో వాన. బెంగళూరు వాన సరిగ్గా సాయంత్రం ఆఫీసు వదిలే వేళకే మొదలవుతుంది. ఫుట్‌పాత్ మీద బండరాళ్ళు ఊడి ఉంటాయి, మిగతా చోట బైకులు ఉంటాయి. "వాన పడితే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పది నిమిషాలు" అని రాసుకున్నాను. ఇరవై కుదరనప్పుడు పది. ప్రతి లక్ష్యానికీ ఇలా ఒక చిన్న కొలత ఉండాలి. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ వారం, పాప పరీక్షల వారం, జ్వరం వచ్చిన వారం, వీటిలో చిన్న కొలత చేసినా చేసినట్టే లెక్క.

21 రోజులు చేస్తే అలవాటైపోతుందని చాలామంది చెబుతారు, నమ్మకండి. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మంది మీద చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. అందులో ఒక అలవాటు దానంతటదే జరిగిపోయే దశకి రావడానికి సుమారు 66 రోజులు పట్టింది. అది కూడా ఒకరికి 18 రోజులైతే ఇంకొకరికి 254 దాకా అంచనా తేలింది. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద నష్టమేమీ లేదని కూడా వాళ్ళు గమనించారు. ఇరవై రెండో రోజున ఇంకా బద్ధకంగా ఉంటే మీలో లోపమేమీ లేదు.

ఆర్నెల్లకి నా 6.1 కాస్తా 5.8 అయింది. నడక ఒక్కదాని పుణ్యమేనని చెప్పను, రాత్రిపూట అన్నం కూడా తగ్గించాను. ఈ పరీక్ష గత రెండు మూడు నెలల సగటు చూపిస్తుంది కాబట్టి వారం వారం చూసుకుని టెన్షన్ పడాల్సిన పని లేదు. మూడు నెలల గడువుకి సరిగ్గా సరిపోయే కొలత ఇది.

సరదా గదిలో నేను పెట్టుకున్నది కన్నడ. పదకొండేళ్ళు "కన్నడ గొత్తిల్ల" (కన్నడ తెలియదు) అనే ఒక్క ముక్కతో నెట్టుకొచ్చాను, సిగ్గుగానే ఉంది. తీరా మొదలుపెడితే మనకి సగం వచ్చినట్టే. రెండు లిపులూ ఒకే పాత తెలుగు కన్నడ లిపి నుంచి విడిపోయినవి. మన తలకట్టు టిక్కు మార్కులా ఉంటుంది, వాళ్ళది అడ్డగీతలా సాగి మెలి తిరుగుతుంది. ఆ ఒక్క తేడా కంటికి అలవాటైతే షాపు బోర్డులు వాటంతటవే పలుకుతాయి. మాటల్లో ఇంకో చిట్కా ఉంది. పాత కన్నడలో మాట మొదట ఉన్న ప కాలక్రమంలో హ అయింది, మనది ప గానే ఉండిపోయింది. పాలు వాళ్ళకి హాలు. పులి హులి, పంది హంది, పువ్వు హూవు. ఇది తెలిసిన రోజు నేను సిగ్నల్ దగ్గర కూర్చుని హ తో మొదలయ్యే ప్రతి బోర్డులో ప పెట్టి చదువుకున్నాను, కొన్నిటికి అర్థం లేకపోయినా సరే. నా కాగితం మీద ఉన్నది ఇంతే: "రైల్లో హూడి స్టేషన్ నుంచి కేఆర్ పురం దాకా కిటికీలోంచి కన్నడ బోర్డులు మాత్రమే చదువుతాను." ఎనిమిది నిమిషాలు కూడా ఉండదు. స్టేషన్ బయట పూలమ్మే ఆవిడ దగ్గర ఒకరోజు "ఎష్టు అమ్మా?" అన్నాను. "మొళ మూవత్తు" అందావిడ తలెత్తకుండానే. మూర ముప్పై. ఆవిడకి అందులో వింతేమీ లేదు. నాకు మాత్రం ఈ ఊళ్ళో అట్టపెట్టె ఒకటి విప్పినట్టనిపించింది.

మీ లక్ష్యానికి ఇంట్లో ఎవరి గంట కావాలి?

ఒంటరిగా పీజీలో ఉండేవాళ్ళు ఈ భాగం వదిలేయొచ్చు. కాపురం ఉన్నవాళ్ళకి మాత్రం ఇదే కీలకం. ఇంట్లో ఒకరు ఒక గంట తీసుకుంటే, ఆ గంటలో జరగాల్సిన పని ఇంకొకరి నెత్తిన పడుతుంది. ఆ ఇంకొకరు ఎవరో ముందే మాట్లాడుకోకపోతే మూడో వారంలో గొడవ ఖాయం. నడిచి రావడం వల్ల నేను ఇంటికి ఆలస్యంగా చేరతాను. వచ్చాక వంట, ఆ వెంటనే కాల్. పొద్దున కోసిన కూరలు అలాగే ఉంటాయి.

ఒక ఆదివారం రాత్రి పాప పడుకున్నాక మా ఆయన్ని కూర్చోబెట్టాను.

"మంగళవారం, గురువారం రాత్రి వంట మీరు చేయాలి" అన్నాను.

"నాకు ఉప్మా తప్ప ఏమొచ్చు?"

"ఉప్మా చాలు."

"రెండు రోజులూనా?"

"మీకేం కావాలో చెప్పండి, నేనూ ఏదో ఒకటి వదులుకుంటా."

కాసేపు ఆలోచించి, "శనివారం పొద్దున నన్ను ఎక్కడికీ తీసుకెళ్ళకు. క్రికెట్‌కి పోతా" అన్నాడు. పెళ్ళయిన కొత్తలో ఆడేవాడు, ఎప్పుడు మానేశాడో నేను గమనించనే లేదు. అలా బేరం కుదిరింది. ఇలాంటి మాటలకి రాత్రి ఇరవై నిమిషాలు చాలు, కానీ టీవీ ఆపేసి ఉండాలి, ఇద్దరి ఫోన్లూ పక్క గదిలో ఉండాలి.

ఇల్లు అనే గదిలోదే ఇంకొకటి చెబుతాను. కాల్ లిస్ట్ చూసినప్పుడు అమ్మకి నెలలో ముప్పై ఒక్కసారి ఫోన్ చేసినట్టు కనబడి సంతోషపడ్డాను. నిమిషాలు చూస్తే అన్నిటికంటే పెద్ద కాల్ నాలుగు నిమిషాలు. "తిన్నారా? పాప బడికి పోయిందా? అక్కడ వానొచ్చిందా?" ఇంతే. ఇప్పుడు ఆదివారం పొద్దున ఒక్క ఫోన్ నలభై నిమిషాలు. ఆవిడ అక్కడ కూర ఒలుచుకుంటూ, నేనిక్కడ బట్టలు మడతపెట్టుకుంటూ మాట్లాడుకుంటాం. మొదటి రెండు వారాలు ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు. మూడో వారం నుంచి ఆవిడ కబుర్లు దాచిపెట్టి ఉంచడం మొదలుపెట్టింది.

డబ్బు సంగతి, క్లుప్తంగా

డబ్బు లక్ష్యానికి అంకె కంటే ముందు ఒక పేరు పెట్టండి. "పది లక్షలు" అని ఉంటే చెయ్యి పెట్టి తీసేస్తాం. "అమ్మ మోకాలి ఆపరేషన్" అని ఉంటే తీయం. అన్నిటికంటే ముందు ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలి. మన ఉద్యోగాల్లో పొద్దున లాగిన్ అయితే మధ్యాహ్నానికి ఉంటామో లేదో తెలియని రోజులివి. ఇంటి అడ్వాన్స్ ఉంది కదా అనుకోకండి. ఈ ఊళ్ళో ఒకప్పుడు పది నెలల అద్దె అడ్వాన్స్‌గా తీసుకునేవారు, ఇప్పుడు చాలాచోట్ల ఐదారు నెలలు. అది ఓనర్ దగ్గర ఉన్న డబ్బు, మన దగ్గర ఉన్నది కాదు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె ఎలాగూ కోస్తారు. పీఎఫ్ కూడా అంతే, బేసిక్ మీద 12 శాతం మన వాటా నెల నెలా పోతుంది, అది ముసలితనానికి. పీపీఎఫ్ అనే పొదుపు ఖాతా గడువు 15 ఏళ్ళు. ఈ మూడిట్లో ఏదీ రేపు పొద్దున చేతికి రాదు. జీతం పడిన మర్నాడే వేరే ఖాతాకి దానంతటదే వెళ్ళేలా బ్యాంకులో పెట్టండి, ఎంత చిన్న మొత్తమైనా సరే. ఇంట్లో మీ జీతం మీద ఆధారపడినవాళ్ళుంటే టర్మ్ ఇన్సూరెన్స్ (మనం పోతే ఇంట్లోవాళ్ళకి డబ్బు వచ్చే బీమా) తీసుకోండి. ఇంతకు మించి ఈ మూడు నెలల్లో చేయనక్కర్లేదు.

గోడ క్యాలెండర్, గ్యాస్ బండ

మా వంటింట్లో ఊరి నుంచి తెచ్చుకున్న వెంకట్రామ అండ్ కో క్యాలెండర్ ఉంటుంది. రాహుకాలం, వర్జ్యం చూడటం సరే, అసలు దాని మీద రాసేవి వేరే: పనమ్మాయి రాని రోజులు, పాలు రెండు ప్యాకెట్లు ఎక్కువ తీసుకున్న రోజు, గ్యాస్ బండ మార్చిన తేదీ. నా లక్ష్యాలు కూడా అక్కడే చేరాయి. నడిచిన రోజు ఆ గడిలో "న", బోర్డులు చదివిన రోజు "క", అమ్మతో మాట్లాడిన ఆదివారం "అ". చిన్న కొలత చేసిన రోజు అదే అక్షరం చుట్టూ సున్నా. ఏమీ చేయని రోజు ఖాళీగా వదిలేస్తాను, ఎర్ర ఇంకుతో ఇంటూ మార్కులు పెట్టి నన్ను నేను తిట్టుకోను. కూర తాలింపు వేస్తూ తలెత్తితే నెల మొత్తం కనబడుతుంది. ఫోన్‌లో ఉంటే ఎప్పుడూ తెరిచేదాన్ని కాదు.

అప్పుడప్పుడూ కూర్చుని మార్చుకోవాలి. "ప్రతి నెలాఖరునా" అని పెట్టుకుంటే నెలాఖరులో ఆఫీసు గొడవలు ఉంటాయి. నేను గ్యాస్ బండ వచ్చిన రోజుని పెట్టుకున్నాను. మా ముగ్గురికీ బండ యాభై రోజుల దాకా వస్తుంది. పాత బండ వచ్చిన తేదీ నుంచి కొత్త బండ దాకా క్యాలెండర్‌లో అక్షరాలు లెక్కపెడతాను. ఆ పని చేయాల్సిన రోజుల్లో సగం కంటే ఎక్కువ గడులు నిండితే ఆ లక్ష్యం అలాగే కొనసాగుతుంది. సగం కంటే తక్కువైతే వేళ మారుస్తాను, లేదా కొలత చిన్నది చేస్తాను. రెండు బండలు అయినా కదలకపోతే తీసేస్తాను.

తీసేయడం కూడా నేర్చుకోవాల్సిన పనే. మొదట్లో పెట్టుకున్న క్లౌడ్ సర్టిఫికేషన్ రెండు బండల పాటు క్యాలెండర్‌లో ఒక్క గడీ నింపలేదు. పుస్తకం కొన్నాను, మొదటి అధ్యాయం మూడుసార్లు చదివాను. ఒకరోజు దాన్ని "తర్వాత" కాగితం మీదికి పంపేశాక, ఆ రాత్రి పుస్తకం తీసి అటక మీద పెట్టేసి హాయిగా నిద్రపోయాను. మా మేనేజర్‌కి చెప్పాల్సి వచ్చింది. "పర్వాలేదు, వచ్చే క్వార్టర్ చూద్దాం" అన్నాడు. ఆయన ముఖం పక్కన రాసుకున్న కోరిక అది, ఆయనకే అంత పట్టింపు లేదు.

ఫ్లాట్ ఇంకా "తర్వాత" కాగితం మీదే ఉంది. మంచం మాత్రం కొన్నాం, టేకుది, ఇల్లు మారేటప్పుడు విప్పి మోయాల్సి వచ్చినా సరే అని.

నిన్న సాయంత్రం కొత్త బండ వచ్చింది. లెక్కపెట్టాను: "న" ఇరవై రెండు, అందులో ఆరింటికి సున్నాలు. "క" పంతొమ్మిది. "అ" ఆరు, ఒక ఆదివారం అమ్మే పెళ్ళికి వెళ్ళింది. ఆఫీసుకి వెళ్ళే రోజులు ఇప్పుడు ఐదు చేశారు, అందుకని వంట బేరం మళ్ళీ మాట్లాడుకోవాలి. మూడో రోజు కూడా మా ఆయనకి ఇవ్వాలని నా ఆలోచన. ఆయన ఒప్పుకునేలాగే ఉన్నాడు, ఈ మధ్య టమాటా పప్పు కూడా వస్తోంది. పాపే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది, మూడో రోజు కూడా ఉప్మా అయితే తను అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్ళిపోతుందట.